మేనకోడలి చాప

“ఆ పిల్ల ఒంటికి నూనెచుక్క తగిలిందో, మళ్ళీ నీ గడప తొక్కను. చెప్తున్నా!”

“తొక్కకండి వదినా. గడపకీ కాస్త ఊపిరాడుతుంది.”

“ఏంటీ? ఏమన్నావ్?”

“గడపని అన్నాను. మిమ్మల్ని కాదు.”

హెడ్మాస్టరు ఇసికేలి టీ కప్పు బల్లమీద పెట్టేసి కిటికీ దగ్గరికి జరిగాడు. బయట సీమపనస చెట్టు కింద ఇద్దరు ఆడవాళ్ళున్నారు. కుర్చీలో కూర్చున్నది మెలెనైతే. ఆ కుర్చీ ఎవరూ ఇచ్చింది కాదు, మూడో తరగతి గదిలోంచి తనే లాక్కొచ్చుకుంది. ఆమె ఎదురుగా నేలమీద మోకాళ్ళు మడిచి కూర్చున్నది ఆమె తమ్ముడి పెళ్ళాం వీకా. కూర్చున్న తీరులో వినయానికి లోటు లేదు. లోటంతా నోట్లోనే ఉంది.

వీకా భర్త మనాసె కొండ కింది నెయాఫు రేవులో పడవలు బాగుచేసేవాడు. పోయి ఇంకా ఏడాది కాలేదు. వాళ్ళ కూతురు పిసిలా ఆ రోజు నుంచీ నడుముకి చిరుగుల దుఃఖపు చాప చుట్టుకునే బడికొస్తోంది. చాప పిల్లకంటే పెద్దది. నడుస్తుంటే నేల ఊడ్చుకుంటూ వస్తుంది. జుట్టు మేనత్త మెలెనైతే తన చేత్తో కత్తిరించింది. ఆ చాప ఎప్పుడు విప్పాలో చెప్పాల్సింది కూడా ఆమే. కన్నతల్లి చెప్తే చెల్లదు. బడి చెప్తే అసలే చెల్లదు.

“పండగ ఆటలో నడిమి చోటు ఖాళీగా వదిలేయమను మీ అన్నని,” అంది మెలెనైతే.

“ఖాళీగానా? ముందు పన్ను ఊడిన నోరులా ఉంటుంది వదినా!”

“ఊడిన మాట అబద్ధమా?”

వీకా రేవు వైపు తిరిగింది. మెలెనైతే లేచి, కుర్చీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఇసికేలి డోలు గదికి పరిగెత్తాడు. గదిలో ఎవరూ లేరు. వెనక తలుపు తెరిచి ఉంది. చెల్లెలు వీకా గొంతు లేవగానే డోలు నేర్పే కెలెపి మాస్టారు జారుకున్నాడన్నమాట. ఎదిగిన చెల్లెలు పోట్లాడుతుంటే అన్న నిలబడి వినకూడదు. మాస్టారు అలాంటి విషయాల్లో ఎప్పుడూ తప్పు చేయడు. తప్పించుకోవాల్సినచోట అసలే చేయడు.

చివరికి నీళ్ళ ట్యాంకు నీడలో దొరికాడు, చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని, పచ్చి మామిడికాయ కొరుకుతూ.

“అయిందా?” అన్నాడు.

“అయింది. పిసిలా కూర్చోదట.”

కెలెపి మామిడి టెంకని దూరంగా విసిరాడు. కోడి ఒకటి కంగారుపడి ఎగిరింది. “అయితే ఆట లేదు,” అన్నాడు.

అంత తేలిగ్గా అన్నాడు గానీ, ఆ ఆట కోసం ఆయన ఎన్నాళ్ళు ఎదురుచూశాడో బడిలో ఇసికేలికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కెలెపి ఫంగుపో బయటి దీవిలో చేపలవాడి కొడుకు. చదువు మధ్యలో ఎగ్గొట్టి, చర్చి బ్యాండులో పెద్ద బాకా ఊది, పెళ్ళిళ్ళలో డోలు కొట్టి, ఆ చేతులతోనే కొండమీది ఈ ప్రిపరేటరీ బడికి వచ్చాడు. పెద్ద బడికి పంపేముందు పిల్లలకి లెక్కలూ ఇంగ్లీషూ నూరిపోయడం ఇక్కడి పని. ఆటా పాటా ఏదో గాలి పీల్చుకోవడానికి పెట్టిన గంట. కెలెపి వచ్చాక ఆ గంట బడిని మింగేసింది. వానొచ్చినా తడిగడ్డి మీద బాసింపట్టు వేయించేవాడు. మొదటి నెలంతా పాట ఉండదు, డోలు ఉండదు. మెడ ఒక్కటే. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలని పక్కకి చిటుక్కున విదిలించాలి, కొమ్మ మీది పిట్టలా.

“లెక్కపెట్టకురా!” అని అరిచేవాడు. “లెక్కపెట్టి విదిలిస్తే మెడ పట్టినవాడిలా ఉంటావు. లోపల సంతోషం తన్నుకొస్తే బయట మెడ కదలాలి. సంతోషం లేదా? లేకపోతే ఇంటికి పో, తిని రా.”

ఆయన తిట్లు బడి దాటి ఊళ్ళో తిరిగేవి. ఒకడి చేతులు ఎండబెట్టిన ఆక్టోపస్‌లు. ఒకడి నవ్వు పంటి డాక్టరు దగ్గరి నవ్వు. ఇసికేలికి ఎనిమిదేళ్ళప్పుడు, వాడి చప్పట్లు వింటే చచ్చిన చేపని చెక్కమీద కొట్టినట్టుందన్నాడు. ఆక్లండులో పెద్ద చదువు చదివి, టై కట్టుకుని అదే బడికి హెడ్మాస్టరుగా వచ్చిన రోజున, స్వాగత సభలో అందరూ చప్పట్లు కొట్టాక మాస్టారు దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు. “నువ్వు మాత్రం కొట్టకురా. పరువు పోతుంది.”

ఆయన దగ్గర మెడ విదిలించినవాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. ఒకామె ఆసుపత్రిలో పెద్ద నర్సు. సూది గుచ్చేముందు ఆమె తల పక్కకి చిటుక్కుమంటుంది, రోగి దాన్ని చూస్తుండగానే సూది దిగిపోతుంది. ఒకడు ఓడలో ఇంజినీరు. ఊరొచ్చినప్పుడు ముందు తల్లిని కాదు, డోలు గదిని చూడ్డానికొస్తాడు. దీవుల మధ్య పోటీలకి ఏ బడి వచ్చినా, కొండమీది బడి పిల్లలు ఎవరో అడగనక్కర్లేదు. కూర్చున్న తీరే చెప్పేస్తుంది. ఆ మాట ఊళ్ళోవాళ్ళు పైకి అనరు గానీ, వాళ్ళ పిల్లలు ఆడే వరసని చూసేటప్పుడు వాళ్ళ వెన్నులూ నిటారుగా అవుతాయి.

ఇంత చేసినా కెలెపిని ఎవరూ పునకే అనలేదు. పాట కట్టి, రాగం కట్టి, ప్రతి మాటకీ చేతుల కదలిక కట్టేవాణ్ణే ఆ మాటతో పిలుస్తారు. కెలెపి ఎప్పుడూ ఇంకొకరు కట్టినవే నేర్పాడు. ఈసారి బడికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి, ఊరి దొర వస్తున్నాడు. మొట్టమొదటిసారి మొత్తం తనే కట్టాడు. వరసలు వరసలుగా పిల్లలు కూర్చుని ఆడే మాఉలుఉలు. అందులో ముందు వరస నడిమి చోటు దొర తరఫున మాట్లాడే ఇంటివాళ్ళది. తాతల నుంచీ అది మనాసె ఇల్లు. బడిలో ఆ ఇంటి బిడ్డ పిసిలా ఒక్కతే. పాట కట్టేనాటికి మనాసె బతికే ఉన్నాడు. డోలు గది గుమ్మంలో నిలబడి, “బావా, మా ఇంటి పేరు పాటలో ఎన్నిసార్లొస్తుంది? ఇంకోసారి పెట్టు, నీ సొమ్మేం పోయింది?” అని వేళాకోళమాడేవాడు కూడా.

ఇంకో పిల్లని అక్కడ కూర్చోబెట్టడమంటే ఆ ఇంటి మొహాన ఉమ్మేయడం. ఖాళీ వదిలితే దొర కళ్ళెదుట గొయ్యి. ఆపేస్తే కెలెపి మళ్ళీ డోలు మాస్టారే.

“వెళ్ళి అడుగుదాం,” అన్నాడు ఇసికేలి.

“ఎవరు, నేనా? నేను పిల్ల మేనమామని. నాకు నోరెక్కడుంది?”

నిజమే. పిసిలా ఆయన చెల్లెలి కూతురు. ఆ వరసన ఆ పిల్ల ఆయన కంటే పైది. ఆయన కంచంలో ముక్క తీసుకున్నా ఆయన ఊరుకోవాలి. అందుకే క్లాసులో అందరికీ తిట్లు పడేవి, ఆ పిల్లకి తప్ప. దుఃఖపు చాప కట్టాక పిసిలా వరసలో కూర్చోవడం లేదు. ట్యాంకు మెట్టు మీద కూర్చుని చూస్తుంది. కెలెపి ఆమెతో ఒక్క మాటా అనడు. వెనక వరసలో లావుపాటి పౌలా ఉంటాడు, వాడి మీద అరుస్తాడు. “ఒరేయ్, నడిమి చోటువాళ్ళు ఇక్కడ కుడిచెయ్యి ముందు తిప్పుతారు, ఎడమది ఆగుతుంది. తెలిసిందా?” పౌలా బిక్కమొహం వేసి, “నాది నడిమి చోటు కాదుగా మాస్టారూ,” అంటాడు. “అయినా తెలుసుకో!” ట్యాంకు మెట్టు మీద చాప కింద కుడిచెయ్యి కదిలేది. ఇసికేలి తన కిటికీలోంచి చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మెలెనైతే ఇంటికెళ్ళారు. కెలెపి పాత చాప నడుముకి చుట్టుకుని, పెద్దల్ని వేడుకునేటప్పుడు ఇచ్చే కావా మొక్కని వేళ్ళతో సహా మోసుకొచ్చి గుమ్మం బయట పెట్టి, నేలమీద తలదించుకుని కూర్చున్నాడు. లోపల మెలెనైతే మొగలి ఆకులు చీలుస్తూ చాప అల్లుతోంది. చూసింది. అల్లుతూనే ఉంది. ఎండ గుమ్మం మీదికొచ్చింది. వీధిలో పోయేవాళ్ళు చూసీ చూడనట్టు పోతున్నారు. పొరుగావిడ మాత్రం ఆరిన బట్టల్నే మళ్ళీ ఆరేస్తోంది.

“హెడ్మాస్టరుకి కుర్చీ వెయ్యండి, ప్యాంటు నలుగుతుంది,” అంది చివరికి మెలెనైతే.

“వద్దమ్మా, నేనూ ఇక్కడే,” అని ఇసికేలి నేలమీదే ఉండిపోయాడు.

“ఏం కెలెపీ, మీ చెల్లెలికి నోరు ఎవరు నేర్పారు? నీ డోలా?”

“మా అమ్మకీ ఉండేదమ్మా అదే నోరు. మాకు ఆస్తి అదొక్కటే వచ్చింది.”

ఆమె మూతి కొంచెం వంకర తిరిగింది. అది నవ్వేనని పొరుగావిడ తరవాత సాక్ష్యం చెప్పింది. “సరే, విను,” అంది. “మా తమ్ముడు పోయి ఏడాది కాలేదు. ఆ పిల్ల పూలు పెట్టుకుని నూనె రాసుకుని దొర ముందు కూర్చుంటే, ఈ ఇంట్లో దుఃఖం అప్పుడే చల్లారిందంటారు. చల్లారలేదు. ఈ ఆకులు చీలుస్తున్నానే, ఇవి వాడికని మొదలెట్టిన చాపవి.” ఇంకో ఆకు చీల్చింది. “అలాగని నడిమి చోటు ఖాళీగా చూడ్డానికి నాకేమన్నా సరదానా? నేను కూర్చున్న చోటది, మా అత్త కూర్చున్న చోటు.”

చేతిలో ఆకు పక్కన పెట్టింది.

“చాప విప్పిస్తాను,” అంది మెలెనైతే. “విప్పిన చాప ఇంట్లో పెట్టను. ఆ రోజు ఆ మైదానంలోనే ఉండాలి, ఎవరో ఒకరి ఒంటిమీద. నువ్వు కట్టుకో. కట్టుకుని నా మేనకోడలి ముందు పిచ్చివేషం వెయ్యి. జనాన్ని నవ్వించు. మనాసె నవ్వేవాడే. మీవైపువాళ్ళు ఎంత కిందికి దిగితే పిల్ల అంత పైన కనిపిస్తుంది. ఏడాది నిండేదాకా ఆ చాప నీదే.”

అలా ఒకరి దుఃఖపు చాప ఇంకొకరికి మార్చడం ఇసికేలి ఎప్పుడూ వినలేదు. కానీ చెప్పింది మేనత్త. పక్కన మేనమామ వెక్కిరింపు వేషం వేయడం మాత్రం ఎప్పటినుంచో ఉన్నదే. పిల్ల అందం పెరగాలని తనవాళ్ళు వికారంగా గంతులేస్తారు. ఇసికేలికి ఇంకోటి గుర్తొచ్చింది. పునకే అన్నవాడు ఆ రోజు కొత్త చాప, పూలదండ వేసుకుని వరసల ముందు నిలబడాలి. డోలు దగ్గర, రాజులా. వేషం వేసేవాడు అక్కడ నిలబడలేడు.

కెలెపి నేలమీదే తల ఇంకా వంచి, “చిత్తం,” అన్నాడు. లేచాడు. వీధి దాటాక ఇసికేలి ఆయన పక్కకొచ్చాడు.

“మాస్టారూ, నేను మళ్ళీ వెళ్ళి మాట్లాడతాను. వేషం ఇంకెవరైనా…”

“ఎవరున్నార్రా? పిల్లకి మేనమామని నేనొక్కణ్ణే.”

“మీకు కోపం రాలేదా ఆమె మీద?”

“ఆమె మీద కాదు.” కెలెపి ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. “ఆమె చెప్పింది సరిగ్గా ఉంది చూడు, దాని మీద వచ్చింది.” ఇంకొంచెం నడిచి అన్నాడు. “మా ఆవిడ లూపే నాకోసం కొత్త చాప అల్లింది. అంచుకి ఎర్ర ఈకలు కూడా కుట్టింది. దానికెలా చెప్పాలో చెప్పు, నువ్వు చదువుకున్నవాడివి.”

“డోలు ఎవరు కొడతారు మరి?”

“నువ్వు.”

“నేనా? నా చప్పట్లే చచ్చిన చేపన్నారు!”

“ఇన్నేళ్ళు గడిచాయిగా. ఎండుచేప అయ్యుంటుంది. కాస్త గట్టిగా మోగుతుంది.”

పండగ రోజు కొండమీద జనం పట్టలేదు. చెట్లెక్కారు, ప్రహరీ ఎక్కారు. దొర పందిట్లో కూర్చున్నాడు. పిల్లలు వరసలు వరసలుగా వచ్చి కూర్చున్నారు. చివరగా పిసిలా వచ్చింది, చాప లేకుండా. ఒళ్ళంతా కొబ్బరినూనెతో మెరుస్తోంది. ఆ నూనె పూసింది మెలెనైతేనే. పూసి, చేతులు తుడుచుకోకుండానే మొదటి వరస ఆడవాళ్ళలో వచ్చి కూర్చుంది. కత్తిరించిన జుట్టు ఇంకా మెడ దాకా పెరగలేదు. దానిలో తెల్ల ఈక ఒకటి నిలబెట్టారు. పిల్ల నడిమి చోటులో బాసింపట్టు వేసింది.

ఇసికేలి డోలు ముందు చెమటలు కక్కుతున్నాడు. కర్ర ఎత్తాడు, కొట్టాడు. పాట లేచింది.

అప్పుడొచ్చాడు కెలెపి. మొహానికి మసి, నెత్తిన కొబ్బరి పీచు, చంకల దాకా చుట్టుకున్న చిరుగుల చాప. తొక్కుకుని పడ్డాడు. లేచి, తనని తోసింది గాలేనన్నట్టు గాలిని తిట్టాడు. జనం గొల్లుమన్నారు. పిల్లల వైపు వీపు పెట్టి, పందిరి వైపు మొహం పెట్టి, వాళ్ళు చేసేదంతా అరక్షణం ఆలస్యంగా, తప్పుగా చేయడం మొదలెట్టాడు. చేతులు ఎండిన ఆక్టోపస్‌ల్లా వేలాడదీశాడు. పంటి డాక్టరు దగ్గరి నవ్వు నవ్వాడు. తను ఇన్నేళ్ళూ తిట్టిన తప్పులన్నీ ఒక్కొక్కటే ఒంటిమీదికి తెచ్చుకుంటున్నాడు. పాత విద్యార్థులకి అది ముందు అర్థమైంది. ప్రహరీ మీది ఓడ ఇంజినీరు నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. “అది నేనే! ఆ చెయ్యి నాదే!” అని అరిచాడు.

తరవాత కెలెపి లేని పడవ మీద లేని సుత్తితో కొట్టాడు. కొట్టి, చెవి ఆనించి విని, నీళ్ళు మొహాన చిమ్మినట్టు వెనక్కి గెంతాడు. అచ్చం మనాసె. రేవు వైపువాళ్ళంతా ఒక్కసారి గొంతెత్తారు. నవ్వో ఏడుపో చెప్పడం కష్టం. మెలెనైతే మొహం కదల్లేదు. కళ్ళు మాత్రం నడిమి చోటునే పట్టుకుని ఉన్నాయి.

ఆ వికారం పక్కన వరసలు ఎలా ఉన్నాయో ఇసికేలి డోలు వెనక నుంచి చూశాడు. ఒక అల లేచి పడినట్టున్నాయి. అందరి చేతులూ ఒక్కటే చెయ్యి. తండ్రి ఇంటి పేరు వచ్చినచోట పిసిలా కుడిచెయ్యి ముందు తిరిగింది, ఎడమది ఆగింది. వెనక వరసలో ఎవరికీ పని లేకపోయినా పౌలా చెయ్యి కూడా తిరిగింది. అప్పుడు పిల్ల తల పక్కకి చిటుక్కుమంది. వెంటనే వరసలన్నిటి తలలూ. పిల్ల నవ్వింది. తండ్రి పోయాక బడిలో ఎవరూ చూడని నవ్వు.

“మాలియే!” అని మొదట అరిచింది మెలెనైతే. భలే అన్న ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పటికి ఆమె లేచి నిలబడి ఉంది. తరవాత కొండంతా అరిచింది. ఇసికేలి తను ఏం కొడుతున్నాడో మర్చిపోయి కొడుతున్నాడు, అదే సరిగ్గా పడుతోంది. ఛాతీ డోలుకంటే పెద్దదైంది. ఆక్లండులో పట్టా చేతికిచ్చినప్పుడు కూడా ఇంత గొప్పగా అనిపించలేదు. ఇది మా బడి, ఆయన మా మాస్టారు, ఆ మసి మొహం మాది అని అందరి భుజాలూ కుదిపి చెప్పాలనిపించింది.

పాట అయిపోయింది. దొర పందిట్లోంచి ముందుకొచ్చాడు. “పునకే ఎక్కడ?” అన్నాడు.

జనం అటూ ఇటూ చూశారు, కొత్త చాప కట్టుకున్న పెద్దమనిషి కోసం. ఇసికేలి డోలు కర్రతో నేలమీద చతికిలబడి రొప్పుతున్న మసి మొహాన్ని చూపించాడు. దొర ముందు పకపకా నవ్వాడు. ఇసికేలి నవ్వకపోవడం చూసి ఆగాడు. ఆగి, తన మెడలోని దండ తీశాడు. “పునకే కెలెపి,” అన్నాడు, అందరికీ వినబడేలా. లూపే ఆడవాళ్ళ మధ్య నుంచి లేచి, ఎర్ర ఈకల చాప రెండు చేతులా పైకెత్తి చూపించింది. కట్టుకునేవాడు లేకపోయినా.

కెలెపి దుఃఖపు చాప మీదే దండ వేయించుకున్నాడు. వంగి దణ్ణం పెట్టాడు. తరవాత దొరని వదిలేసి, చాప ఈడ్చుకుంటూ తిన్నగా డోలు దగ్గరికొచ్చాడు. మసి మీద చెమట చారలు కట్టింది. ఇసికేలికి లేచి ఆయన్ని కావలించుకోవాలనిపించింది. కెలెపి ఆ సందివ్వలేదు. చెవి దగ్గరికి వంగాడు.

“ఒరేయ్ ఇసికేలీ,” అన్నాడు, ఊపిరందక. “పిల్లల్ని లేవనివ్వకు. ఇంకోసారి కొట్టరా. అటు తిరిగి గంతులెయ్యడంతోనే సరిపోయింది. నేను చూడలేదు.”